బయటివాళ్ల పాళ్లు

1983 జూన్‌లో యూనివర్సిటీ కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటు నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. పీహెచ్‌డీ అయినవాళ్ల కోసం రెండేళ్ల పరిశోధన ఉద్యోగం ఒకటి వచ్చింది. జంపఖానాల నూలుకు పాతకాలం చెట్టు రంగులు వేయడం గురించి పని. పీహెచ్‌డీ పట్టా చేతికి వచ్చి ఉండాలి. వయసు ముప్పై అయిదు దాటకూడదు. అచ్చయిన వ్యాసాలు రెండైనా ఉండాలి. అభ్యర్థి పనిని దగ్గరుండి ఎరిగిన ఇద్దరి ఉత్తరాలు జతచేయాలి. రెండేళ్లలో ఏం చేయదలచుకున్నాడో నాలుగు పేజీలు రాసివ్వాలి.

సిద్దిరాములు ఆ కాగితాన్ని అక్కడే నిలబడి మూడుసార్లు చదివాడు. పట్టా ఉంది. వయసు ముప్పై మూడు. వ్యాసాలు సరిగ్గా రెండు. గైడు వెంకటేశ్వర్లు సారు ఉత్తరం ఎలాగూ ఇస్తారు, ఆయన చెబితే ఇంకొకరూ ఇస్తారు. మనిషి ఎలాంటివాడై ఉండాలో ఆ కాగితం ఒక్క ముక్క కూడా అడగలేదు కాబట్టి మనవాడికి అన్ని అర్హతలూ ఉన్నట్టే లెక్క.

పట్టా చేతికొచ్చి ఏడాది దాటింది. స్కాలర్‌షిప్పు ఆగిపోయింది. లెక్చరర్ పోస్టులకు మూడుసార్లు పోయి ఉత్తచేతులతో వచ్చాడు. ఇది కూడా పోతే ఇన్నేళ్ల చదువూ అటకెక్కినట్టే. ఆ మాట ఆయన హనుమకొండలోని అద్దె గదికి తెలుసు, ఆయనకు తెలుసు. ఇంకొకరికి కూడా తెలుసు గాని, ఆ ఇంకొకరి గురించి ఆయన యూనివర్సిటీలో ఎవరికీ చెప్పలేదు.

ఆమె పేరు రాములవ్వ. సిద్దిరాములు తల్లికి అక్క. తల్లి పోయేనాటికి వాడికి మూడేళ్లు. తండ్రి మగ్గం గుంటలో కూర్చుంటే పొద్దు పోయింది కూడా తెలియని మనిషి. పిల్లవాణ్ణి రాములవ్వే వరంగల్ కొత్తవాడలో తన ఇంటికి తెచ్చుకుంది. ఆమెకు పిల్లలు లేరు, భర్త లేడు, ఉన్నదల్లా వాకిట్లో నాలుగు రంగు బానలు. సాలెవాళ్ల నూలుకు రంగులు వేసేది. ఆమె చేతులు మోచేతుల దాకా ఒకనాడు ఎరుపు, ఒకనాడు నీలం, పండుగనాడు కూడా గోళ్ల సందుల్లో నలుపు. ఆ చేతులతోనే వాడికి తలకు పోసింది, అన్నం కలిపి పెట్టింది. వాడు నీళ్లు తాగేందుకు ఒక ఇత్తడి చెంబు ప్రత్యేకంగా ఉండేది. ఎప్పుడో వాడే కింద పడేసి సొట్ట పెట్టాడు. అప్పటి నుంచి అది వాడి చెంబు.

ఆరో తరగతిలో ఉండగా ఒకనాడు వాన పడుతుంటే ఆమె గొంగడి పట్టుకుని బడికి వచ్చింది. పక్క బెంచీ పిల్లవాడు ఆ చేతులు చూసి, "ఎవలురా ఆమె? చేతులు గట్ల కుళ్లినయేంది?" అన్నాడు. సిద్దిరాములు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మా ఇంట్ల పని చేసే ఆమె" అన్నాడు. ఆమె వినలేదు. ఆ గొంగడి వాడి మీద కప్పి తాను తడుస్తూ ఇంటికి నడిచింది.

ఆ మొదటి అబద్ధం అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చేసరికి తర్వాతవి వరుసగా వచ్చాయి. హైదరాబాదులో ఎమ్మెస్సీ చేసేటప్పుడు మీ వాళ్లేం చేస్తారంటే బట్టల వ్యాపారం అన్నాడు. పరిశోధన కోసం తిరిగి వచ్చాక కూడా హనుమకొండలోనే గది తీసుకున్నాడు. నెలకో ఆదివారం కొత్తవాడకు పోయేవాడు. సందు మొదట్లో నిలబడి అటూ ఇటూ చూసుకుని, తెలిసినవాళ్లెవరూ లేరనుకున్నాకే లోపలికి తిరిగేవాడు. చాటుగా కల్లు తాగే మనిషి కూడా అంత చూసుకుని పోడు.

విచిత్రం ఏమంటే పరిశోధన కూడా తిరిగి తిరిగి ఆ వాకిటికే వచ్చి పడింది. 1978లో వెంకటేశ్వర్లు సారు ఆయనకు వరంగల్ జంపఖానాల పాత ఎరుపు రంగును అంశంగా ఇచ్చారు. సారు కోస్తా నుంచి వచ్చినాయన, మంచివాడు, పనంటే ప్రాణం పెడతాడు.

"పాత పద్ధతిలో ఎరుపు వేసేవాళ్లు ఇంకా ఎవరైనా ఉన్నారా? నీకు ఇక్కడివాళ్లెవరైనా తెలుసా?" అని అడిగారు.

"విచారిస్తాను సార్" అన్నాడు సిద్దిరాములు. నాలుగు రోజులు విచారించినట్టు నటించి, అయిదో రోజు సారును వెంటబెట్టుకుని కొత్తవాడకు పోయాడు. మా పెద్దమ్మ అని చెప్పేస్తే అయిపోయేది. చెబుదామనే బయలుదేరాడు కూడా. రిక్షా దిగాక వాకిట్లో ఆ బానలు, ఆ కంపు, కొంగు నడుముకు దోపుకుని ఎర్రటి చేతులతో కూర్చున్న ఆ మనిషి, పక్కన తెల్ల చొక్కాలో సారు. ఆయన నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"ఏమమ్మా, రంగులు వేసేది నువ్వేనా?"

రాములవ్వ తలెత్తి చూసింది. తను పెంచిన పిల్లవాణ్ణి పాదాల నుంచి ముఖం దాకా ఒకసారి చూసింది. తర్వాత చేతులు కొంగుకు తుడుచుకుని లేచింది.

"నేనే సారూ. రాండి, కూసోండ్రి" అంది. ఇద్దరికీ రెండు స్టీలు గిలాసల్లో నీళ్లు ఇచ్చింది. అవి చుట్టాలకూ పరాయివాళ్లకూ ఇచ్చే గిలాసలు. సొట్ట చెంబు గూట్లోనే ఉంది, సిద్దిరాములుకు కనిపిస్తూనే ఉంది.

రంగులు వేసేవాళ్ల ఇళ్లలో ఒక కట్టు ఉంది. ఏ రంగుకు ఏది ఎంత, ఏది ముందు, ఏది తర్వాత అనే లెక్కను వాళ్లు పాళ్లు అంటారు. బయటివాళ్లు వచ్చి అడిగితే కాదని పంపరు, మర్యాదగా కూర్చోబెట్టి చెబుతారు. కాకపోతే ఒకటి తీసేసి చెబుతారు. ఇంటివాళ్లకు మాత్రం ఏదీ దాచరు. ఆ కట్టు సిద్దిరాములుకు ఉగ్గుపాలతో తెలుసు.

రాములవ్వ చెబుతూ పోయింది, ఆయన రాసుకుంటూ పోయాడు. నూలు సౌడు మట్టి నీళ్లలో ఉడకబెట్టాలి. కరక్కాయ నీళ్లలో నానేయాలి. తడి పిండేసి పటిక నీళ్లలో ముంచాలి. నీడలో ఆరేయాలి.

"ఆరినంక..." అని ఆమె ఆగింది.

ఆయన కలం కూడా ఆగింది. ఆరిన తర్వాత ఏముందో ఆయనకు తెలుసు. మేక పెంటికలు. గోరువెచ్చటి నీళ్లలో పెంటికలు పిసికి, వడగట్టి, ఆ నీళ్లలో నూలును ఒక పూట ఉంచాలి. ఆ తర్వాతే ఎరుపునిచ్చే మంజిష్ఠ వేరు. పన్నెండేళ్లు వచ్చేదాకా గొల్ల కట్టయ్య మేకల వెనక గంప పట్టుకుని తిరిగి ఆ పెంటికలు ఏరుకొచ్చింది ఆయనే.

ఆమె ఆయన వైపే చూస్తోంది. ఎంతసేపు చూసిందో చెప్పడం కష్టం. ఆయనకు మాత్రం చాలాసేపు అనిపించింది. అడిగితే, నీకెలా తెలుసని సారు అడుగుతారు. అదీగాక సారు పక్కన కూర్చుని మేక పెంటికల మాట ఎత్తడమా! కెమిస్ట్రీకీ పెంటికలకూ ఏం సంబంధం, చదువులేనివాళ్ల నమ్మకం తప్ప, అని మనసుకు నచ్చజెప్పుకుని తల వంచుకున్నాడు.

"ఆరినంక వేరు నీళ్లల్ల ఏసి ఉడకబెట్టాలె" అంది రాములవ్వ.

"అంతేనా అమ్మా?" అన్నారు సారు.

"గంతే సారూ."

ఆ రాసుకున్న పాళ్ల మీదే నాలుగేళ్లు పరిశోధన నడిచింది. ల్యాబులో ఎన్ని చిలపలకు, అంటే నూలు చుట్టలకు, రంగు వేసినా పది ఉతుకులకు ఎరుపు కాస్తా వెలిసిపోయి ఇటుక పొడి రంగుకు దిగేది. ఎందుకు వెలుస్తోందో సిద్దిరాములుకు లోపల అనుమానం ఉండేది. ఒక్క చిలపను పెంటికల నీళ్లలో వేసి చూస్తే తేలిపోయేది. వేయలేదు. వేస్తే థీసిస్‌లో రాయాలి, రాస్తే ఎక్కడ తెలిసిందో చెప్పాలి. చివరికి వరంగల్ పాత ఎరుపు చూడ్డానికి బాగుంటుంది గాని ఉతుకుకు నిలవదని తేల్చి రాశాడు. పటాలు, పట్టికలు అన్నీ శుభ్రంగా ఉన్నాయి. డాక్టరేటు ఇచ్చారు.

ఆ ఆదివారం రాములవ్వ వాకిట్లో పీట వేసి కూర్చోబెట్టి సొట్ట చెంబుతో నీళ్లిచ్చింది. మొదటిసారి సారుతో వచ్చిన రోజు ఊసు ఆమె అప్పటికీ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

"పెద్ద చదువు అయిపోయిందటగద రా. మన ఎర్ర రంగు గురించే రాసినవంటగద. మంచిగున్నదన్నరా?"

"మంచిగున్నదన్నరు పెద్దమ్మా" అన్నాడు. నిలవదని రాసిన చేతిలోనే చెంబు ఉంది.

ఇంటర్వ్యూ జూలైలో జరిగింది. వెంకటేశ్వర్లు సారు ఒక పక్కన కూర్చున్నారు. హైదరాబాదు నుంచి సారంగపాణి అనే నూలు రంగుల నిపుణుడు వచ్చాడు. బక్కగా, ముక్కు మీదికి జారే కళ్లద్దాలతో ఉన్నాడు. ఆయన ముందు సిద్దిరాములు థీసిస్ ఉంది. పేజీలు తిప్పి, మూసి, కుర్చీ పక్కనున్న సంచిలోంచి మడత పెట్టిన జంపఖానా ఒకటి తీసి బల్ల మీద పరిచాడు.

"ఇది మా అత్తగారి పెళ్లినాటిది. వరంగల్‌లోనే కొన్నారు. నలభై ఏళ్లు చాకలి బండకు కొట్టారు. ఎరుపు చూడండి."

ఎరుపు నిక్షేపంలా ఉంది.

"మీ థీసిస్ ప్రకారం ఇది ఎప్పుడో వెలిసిపోవాలి. కాబట్టి మీరు రాసుకున్న పద్ధతిలో ఏదో లోపించింది. ఏమిటది?"

సిద్దిరాములుకు ముఖం చెవుల దాకా కాలింది. సమాధానం నాలుక మీదే ఉంది. చెబితే, తెలిసీ ఎందుకు రాయలేదంటారు. "కనుక్కుని చెబుతాను సార్" అన్నాడు. మాట సరిగ్గా రాలేదు, రెండోసారి అనాల్సి వచ్చింది.

"పదిహేను రోజులు ఇస్తాం. పాతిక ఉతుకులకు నిలిచే చిలప ఒకటి తెండి. తెస్తే ఉద్యోగం మీదే" అన్నాడు సారంగపాణి.

మర్నాడు పొద్దున్నే కొత్తవాడకు పోయాడు. ఆ రోజు ఆదివారం కాదు. ఆయన ముఖం చూడగానే రాములవ్వ బాన దగ్గర్నుంచి లేచింది. అప్పటికి ఆమె బజారులో దొరికే డబ్బా రంగులే వేస్తోంది, చెట్టు రంగులు అడిగేవాళ్లు లేరు. చేతివేళ్లు కణుపుల దగ్గర వాచి ఉన్నాయి. చెంబుతో నీళ్లిచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఏమైందిరా? జర నిమ్మలంగ చెప్పు."

ఆయన చెప్పాడు. థీసిస్‌లో నిలవదని రాసినట్టు కూడా చెప్పేశాడు.

"పెద్దమ్మా, ఆ రోజు నువ్వు పెంటికలు చెప్పలేదు" అన్నాడు. ఫిర్యాదులా వచ్చింది మాట. ఆయనకే తెలిసింది.

"చెప్పలే. బయటోళ్లతోటి బయటోని లెక్క అస్తివి. బయటోళ్ల పాళ్లే చెప్పిన" అంది రాములవ్వ. గొంతులో కోపం లేదు. "గని నేను ఆగిన కొడుకా. యాదికున్నదా? ఆరినంక అని ఆగిన. పెంటికలు మర్సినవ్ పెద్దమ్మా అని ఒక్క మాట అంటవేమోనని నీ దిక్కే సూసిన. నువ్వు తలకాయ ఒంచుకుంటివి."

సిద్దిరాములు మళ్లీ తల వంచుకున్నాడు. చేయగలిగింది అదొక్కటే అన్నట్టు.

"గా నౌకరికి ఏమేం కావాల్నట?" అని అడిగింది ఆమె.

జేబులోని కాగితం తీసి ఒక్కొక్కటే చదివి వినిపించాడు. పని దగ్గరుండి ఎరిగిన ఇద్దరి ఉత్తరాల దగ్గర ఆమె ఆపింది.

"అంటే ఎవలు?"

"పెద్ద సార్లు పెద్దమ్మా."

"ఓ" అంది. లేచి, మూలనున్న గంప తీసి ఆయన ముందు పెట్టింది. "నాకు మోకాళ్లు వంగుతలేవు. పో. కట్టయ్య మేకలు గడ్డ మీద ఉంటయ్ గీ యాళ్లకు. ఎండినయి తేకు, పచ్చియి తే."

ముప్పై మూడేళ్ల డాక్టర్ సిద్దిరాములు ఇస్త్రీ ప్యాంటు పైకి మడుచుకుని మేకల వెనక పెంటికలు ఏరాడు. కట్టయ్య ముసలివాడైపోయాడు గాని గుర్తుపట్టాడు. "ఏందిర సిద్దులూ, మల్ల మొదలు పెట్టినవ్?" అని పళ్లులేని నోటితో నవ్వాడు. ఆ నవ్వు వల్ల సిద్దిరాములుకు సిగ్గనిపించలేదు. తను యూనివర్సిటీ వైపు నుంచి ఎవరైనా వస్తున్నారేమోనని మెడ తిప్పి చూసుకున్నందుకే సిగ్గేసింది. ఆ పని కూడా చేశాడు మరి.

వారం రోజులకు చిలప తయారైంది. రాములవ్వ వాచిన వేళ్లతో తనే పిండింది, తనే ఆరేసింది. సిద్దిరాములు ల్యాబులో పాతిక ఉతుకులు ఉతికాడు. ఎరుపు కదల్లేదు. పటికను నూలుకు పట్టి ఉంచేది పెంటికల్లోని లవణాలేనని కెమిస్ట్రీ కూడా ఒప్పుకుంది. అయిదేళ్ల కిందట ఒక్క మాట అడిగి ఉంటే థీసిస్ నిజమయ్యేది.

చిలప చూసి సారంగపాణి కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. "శభాష్. ఎవరు చెప్పారు?"

ఇక్కడ చెప్పి ఉండవచ్చు. ఉద్యోగం అప్పటికే వచ్చినట్టే. ఎవరూ ఆయన గొంతు పట్టుకోలేదు.

"కొత్తవాడలో ఒక ముసలామె సార్."

"మనం వెళ్లి చూసిన ఆమేనా? అప్పుడు చెప్పలేదే!" అన్నారు వెంకటేశ్వర్లు సారు.

"అప్పుడు దాచింది సార్. చదువులేనివాళ్లు కదా, అన్నీ ఒకేసారి చెప్పరు."

ఆ మాట అని సిద్దిరాములు చిలపను మళ్లీ కాగితంలో చుట్టాడు. ఆర్డరు కాగితం టైపయి వచ్చేదాకా ఆ మాట దిద్దలేదు, వచ్చాక కూడా దిద్దలేదు.

ఆగస్టులో ఉద్యోగంలో చేరాడు. చేరిన నెలలోనే సారంగపాణి మళ్లీ వచ్చి, ఆ ముసలామెను చూస్తానన్నాడు. డిపార్ట్‌మెంటు జీపులో వెంకటేశ్వర్లు సారుతో కలిసి ముగ్గురూ బయలుదేరారు. హనుమకొండ చౌరస్తా దాటేదాకా సిద్దిరాములు లోలోపల ఒకే వాక్యాన్ని తిప్పుకుంటూ కూర్చున్నాడు. ఈమె మా పెద్దమ్మ సార్, నన్ను పెంచింది. ఈసారి వాకిట్లో కాలు పెట్టగానే చెబుతాను. వాళ్లేమనుకున్నా సరే.

జీపు చప్పుడుకు రాములవ్వ బయటికి వచ్చింది. ముగ్గురు సార్లు, సర్కారు బండి. ఆమె ముఖంలో రంగు పోయింది. కొంగు భుజాల మీదుగా లాక్కుని, "రాండి సారూ, రాండి" అంది. సిద్దిరాములు వైపు కూడా అలాగే తిరిగి, "మీరు గూడ కూసోండి సారూ" అంది.

మీరు. ఆమె నోట ఆ మాట వినగానే ఆయన తిప్పుకుంటున్న వాక్యం ఎక్కడో తెగిపోయింది. మళ్లీ కూడదీసుకునే లోపలే సారంగపాణి నవ్వుతూ అడిగాడు. పాపం, ఆయన మనసులో ఏ కల్మషమూ లేదు.

"ఏమమ్మా, మొదట వచ్చినప్పుడు అసలు సంగతి దాచావటగా? మా సిద్దిరాములు చెప్పాడు."

రాములవ్వ సిద్దిరాములు వైపు చూసింది. అయిదేళ్ల కిందట ఆగి చూసిన చూపు కాదిది. ఆయన్ని ఏమీ అడగని చూపు. వెంటనే సారంగపాణి వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. ఆ వాచిన, మరకల చేతులు.

"అవ్ సారూ, నేనే దాసిన. తప్పు నాదే. ముసల్దాన్ని, సదువు లేనిదాన్ని. ఈ సారు ఎవలి కొడుకో ఏమో గని మంచోడు, గీన తప్పేం లేదు. గీన నౌకరి తియ్యకుండ్రి సారూ."

వెంకటేశ్వర్లు సారు కంగారుపడి లేచి, ఉద్యోగం ఎవరూ తీయడం లేదమ్మా, నిన్ను చూసి పోదామనే వచ్చాం అని చెప్పారు. ఆమె నమ్మినట్టు లేదు. లోపలికి పోయి మూడు స్టీలు గిలాసల్లో నీళ్లు తెచ్చింది. మూడోది సిద్దిరాములు చేతికిచ్చింది. ఆయన తాగాడు.

పాళ్లన్నీ మళ్లీ చెప్పింది. ఈసారి ఏదీ తీయలేదు. సారంగపాణి తన పుస్తకంలో రాసుకున్నాడు. ఇంటివాళ్లకు తప్ప చెప్పని పాళ్లను ఆమె ఇద్దరు పరాయివాళ్ల ముందు, ఇంటివాడి ఉద్యోగం కోసం చెప్పేసింది. ఆ ఇంటివాడు గిలాస పట్టుకుని నిలబడ్డాడు.

"వస్తున్నావా సిద్దిరాములూ, ఇక్కడ ఇంకేమైనా పనుందా?" అన్నారు సారు జీపు ఎక్కుతూ.

"లేదు సార్, వస్తున్నాను" అన్నాడు. వాకిలి దాటుతూ వెనక్కి తిరిగి, "వెళ్లొస్తాం అమ్మా" అన్నాడు.

"మంచిది సారూ" అంది ఆమె.

ఆ ఆదివారం సందు మొదట్లో నిలబడి అటూ ఇటూ చూడకుండా లోపలికి పోయాడు. ఎవరైనా చూడాలనే పోయాడు. ఎవరూ లేరు. రాములవ్వ పీట వేసింది, సొట్ట చెంబుతో నీళ్లిచ్చింది. తిడుతుందేమోనని, తిడితే బాగుండునని ఎదురుచూశాడు. ఆమె ఆయన పక్కన కూర్చుని, గొంతు తగ్గించి అడిగింది.

"జీపుల అచ్చినోళ్లు మల్ల ఏమన్న అన్నరా? నౌకరి ఉన్నది గద రా?"

"ఉన్నది పెద్దమ్మా" అన్నాడు సిద్దిరాములు. నీళ్లు తాగకుండానే చెంబు పీట పక్కన పెట్టాడు.